ముక్కు మీద లక్క సీలు

ఒక పెద్ద అడవిలో వరసగా రెండేళ్ళు ఇప్పపువ్వు రాలలేదు. అడవి సంగతి తెలియనివాళ్ళు పువ్వు రాలకపోతే ఏం మునిగిందిలే అనుకుంటారు. ఆ అడవిలో అందరి బతుకూ ఆ పువ్వు మీదే నడిచేది. పువ్వు రాలని ఏడు ఎలుగుబంట్లు చిక్కిపోయాయి, జింకలు వేరే అడవికి పోయాయి, చిలకల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి. పెళ్ళిళ్ళు లేనప్పుడు కొత్త కాపురాలుండవు. కొత్త కాపురాలు లేనప్పుడు కొత్త తొర్రలు ఎవరికీ అక్కర్లేదు. అలా తిరిగి తిరిగి ఆ కరువు చివరికి వీరాచారి ముక్కు మీదికి వచ్చింది.

వీరాచారి వడ్రంగిపిట్ట. నెత్తిన ఎర్రని కుచ్చు, వీపు మీద పసుపు, మాట తక్కువ, పని ఎక్కువ. ఆయన కొట్టిన తొర్రలోకి వాన చినుకు వచ్చేది కాదు, పాము తల పట్టేది కాదు. గోరింకలు, చిలకలు, గుడ్లగూబలు కూడా "ఇది ఆచారి తొర్ర" అని చుట్టాలకి గొప్పగా చూపించుకునేవి. కూలి కింద గింజలో, పళ్ళో, కాసిని పురుగులో ముట్టజెప్పేవి. ఆ కూలితోనే ఆయన సంసారం గుట్టుగా సాగిపోయింది.

ఇప్పుడు నెలన్నరగా ఒక్కరూ పిలవలేదు. సొంతానికి కొట్టుకు తిందామా అంటే, ఎండకి చెట్లు బిగుసుకుపోయి పురుగు లోతుకు పోయింది. పొద్దుటి నించి పొద్దుగూకే దాకా కొడితే ఒక్క కడుపు నిండుతుంది. ఇంట్లో కనకమ్మ మూడు గుడ్ల మీద కూర్చుని ఉంది. ఇంకో ఇరవై రోజులు పోతే ఆ ఇంట్లో ఐదు కడుపులు.

"కంగారు పడకు కనకం," అన్నాడు వీరాచారి. "ఇలాంటి రోజు కోసమే కదా పదకొండేళ్ళుగా ఆసరా తొర్రలో వేసుకుంటూ వస్తున్నాం."

"వేయడం నేనూ చూశానయ్యా," అంది కనకమ్మ. "తీయడమే ఎవరూ చూడలేదు."

ఆసరా తొర్ర అంటే అడవి సభవాళ్ళు పెట్టిన ఏర్పాటు. కొండవాలులో నలుగురు కౌగిలించినా పట్టనంత లావు నల్లమద్దిచెట్టు ఒకటుంది. పని చేసే ప్రతి జీవీ తన కూలిలో పదో వంతు తెచ్చి ఆ చెట్టు తొర్రలో వేయాలి. పని పోయిన రోజున ఆసరా శాఖవాళ్ళు రోజుకో దొప్పెడు తిండి ఇస్తారు. ఇచ్చి ఊరుకోరు, కొత్త పని కూడా వాళ్ళే చూసిపెడతారు. అడవిదున్న గారు సభాధ్యక్షులైన కొత్తలో ఈ మాట చెబితే అడవి అడవంతా రెక్కలు కొట్టింది, రెక్కలు లేనివాళ్ళు తోకలు ఆడించారు. పదకొండేళ్ళలో వీరాచారి ఒక్కసారి కూడా తన వంతు ఎగ్గొట్టలేదు.

ఆయన వెళ్ళేసరికి మద్దిచెట్టు చుట్టూ మూడు చుట్ల వరస ఉంది. నీళ్ళు లేని వాగులోంచి వచ్చిన నీటికుక్క, తేనె లేని ఎలుగుబంటి, వీరాచారి కులంవాళ్ళే ఇంకో ఆరు వడ్రంగిపిట్టల కుటుంబాలూ ఉన్నాయి. చెట్టు మొదట్లో ముళ్ళపంది గుమాస్తా కూర్చుని ఉన్నాడు. రాత అవసరమైనప్పుడల్లా వీపులోంచి ఒక ముల్లు పీకి, దానితో ఆకు మీద గీకేవాడు. వెనకాల ఎత్తుగా ఉన్న వేరు మీద, ఒళ్ళంతా పెంకులున్న సూపరింటెండెంటు అలుగు గారు ఉన్నారు. ఆయన చాలా మంచివారని అందరూ అనేవారు. ఎవరైనా కష్టమైన ప్రశ్న వేస్తే మాత్రం తల పొట్టలో పెట్టుకుని ఉండలా ముడుచుకుపోయేవారు. ముడుచుకున్న అలుగుని విప్పడం పులి వల్లే కాలేదు, దరఖాస్తుదార్ల వల్ల ఏమవుతుంది?

"పేరు?" అన్నాడు ముళ్ళపంది.

"వీరాచారి."

"వృత్తి?"

"చెట్లు కొడతాను బాబూ. తొర్రలు చేస్తాను."

"ప్రస్తుతం పని ఉందా?"

"ఉంటే ఇక్కడికెందుకొస్తాను?"

"ఉందో లేదో చెప్పు. ఎందుకొచ్చావో నేనడగలేదు."

"లేదు."

ముళ్ళపంది 'లేదు' అని గీకి, ఇంకో ఆకు తీసి చూశాడు. "నిన్న పొద్దున తూర్పు గట్టున టేకుచెట్టు కొడుతూ కనిపించావని రిపోర్టు ఉందే?"

"తింటున్నాను బాబూ."

"కొట్టావా, లేదా?"

"కొట్టకుండా ఎలా తింటాను? పురుగు లోపలుంటుంది కదా."

"చెట్లు కొట్టడం నీ వృత్తి అని ఇప్పుడే నీ నోటితో చెప్పావు. వృత్తి చేసుకుంటున్నవాడు పని లేనివాడెలా అవుతాడయ్యా?"

వీరాచారి నోరు వెళ్ళబెట్టాడు. పై వేరు వంక చూసి, "అయ్యా, మీరైనా చెప్పండి. నేను తిండి తిన్నా పని చేసినట్టేనా?" అని అడిగాడు. అడుగుతుండగానే అలుగు గారు ముడుచుకుపోయారు.

ముళ్ళపంది అంత చెడ్డవాడేం కాదు. గొంతు తగ్గించి మార్గం చెప్పాడు. "దీనికి శాఖలో ఏర్పాటు ఉంది. నీ పైముక్కు చివర లక్క ముద్ద పెట్టి శాఖ ముద్ర వేస్తాం. మాట్లాడొచ్చు, కింద రాలినవి ఏరుకు తినొచ్చు. చెట్టు కొడితే మాత్రం సీలు పగులుతుంది. ఎనిమిది వారాలు సీలు చెక్కుచెదరకుండా ఉందంటే నీకు పని లేదని రుజువైనట్టే. తొమ్మిదో వారం నించి రోజుకో దొప్పెడు."

"ఎనిమిది వారాలు ఏం తినాలి బాబూ?"

"అది వేరే శాఖ."

వీరాచారి లెక్క వేసుకున్నాడు. సొంతంగా కొట్టుకుంటే ఒక్క కడుపు. ఎనిమిది వారాలు ఓర్చుకుంటే దొప్పెడు తిండి, వానలు పడే దాకా ఢోకా లేదు. పదకొండేళ్ళు వేసినది వదులుకోవడానికి మనసొప్పలేదు. ముక్కు చాచాడు. మోదుగ కొమ్మ మీంచి తెచ్చిన లక్కని వేడి రాయి మీద కరిగించి, చివర ముద్ద పెట్టి, దాని మీద అలుగు గారి పెంకు అదిమారు. ఆ బరువుకి వీరాచారి తల ముందుకి వంగింది.

ఆయన వెనకాల నిలబడ్డ పేడపురుగు సోమమ్మకి వెనక కాళ్ళు రెండూ కలిపి సీలు వేశారు. ఉండ దొర్లిస్తే పని చేసినట్టేనట.

"ఉండే కదన్నా మాకు ఇల్లు, ఉండే మాకు కూడు!" అని సోమమ్మ లబలబలాడింది. "పని మానమంటే మానతాను, బతకడం మానమంటే ఎట్టా?"

వీరాచారి ముక్కు బరువుగా ఉందని మాత్రం చెప్పి ఇంటికి పోయాడు.

మర్నాడు ముళ్ళపంది ఇంటి తనిఖీకి వచ్చాడు. ఒకే తొర్రలో ఉండే ముక్కులన్నీ ఒకే కుటుంబం కింద లెక్క, అందులో ఏ ముక్కు కొట్టినా ఇంటి సంపాదనే అని చెప్పి, కనకమ్మ ముక్కుకీ లక్క పెట్టాడు. కనకమ్మ కదలకుండా పెట్టించుకుంది. అంతా అయ్యాక పొట్ట కింది గుడ్లు చూపించింది.

"బాబూ, వీళ్ళు బయటికి రావాలంటే లోపలి నించి పెంకు కొట్టుకుని రావాలి. అదీ ముక్కుతోనే. మరి వాళ్ళకెప్పుడు వేస్తారు సీలు?"

ఆవిడ ఎగతాళికి అంది. ముళ్ళపంది ఎగతాళి ఎరగడు. కాసేపు తల గోక్కుని, ఒక ముల్లు పీకి, 'ఈ విషయమై పై అధికారుల వివరణ కోరడమైనది' అని రాసుకుని వెళ్ళిపోయాడు.

సీలు ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. వారానికి మూడు చోట్ల పని అడగాలి, ఆ మూడు చోట్లా 'పని లేదు' అని ఆకు మీద గోరుముద్ర వేయించుకురావాలి. వీరాచారి ఆ కొస నించి ఈ కొసకి ఎగిరి చిలకల్ని అడిగాడు. మొదటి వారం పాపం అని ముద్ర వేశారు. రెండో వారం నించి ఆయన వస్తుంటేనే మొహం చాటేశారు. పని ఇవ్వలేనివాళ్ళకి లేదని చెప్పడం కూడా బరువైపోయింది.

అప్పుడు ఒక కోతి తెలివిగా ఆలోచించాడు. నేరేడుచెట్టు కింద బండ మీద కూర్చుని, 'ఇచ్చట పని లేదని చెప్పబడును' అని బోర్డు పెట్టాడు. ఒక్కొక్క ముద్రకి పావు పూట పేలు చూడాలి. జనం విరగబడ్డారు. ఆ కరువులో అడవి మొత్తం మీద బాగుపడిన వ్యాపారం అదొక్కటే. వీరాచారి కూడా వెళ్ళి, సీలు తగలకుండా తల పక్కకి తిప్పి, కోతి మెడ మీది పేలు ఏరాడు. ఇది పని కిందకి వస్తుందేమోనని ఏరుతున్నంతసేపూ అటూ ఇటూ చూస్తూనే ఉన్నాడు.

పని చూసిపెట్టే విభాగం కూడా ఊరికే కూర్చోలేదు. అక్కడి అధికారి ఒక రామచిలక. ఆవిడ తరగతిలో నలభై మందిని కూర్చోబెట్టి, 'నేను ఏ పనైనా చేయగలను, ఎక్కడికైనా రాగలను, ఎంత ఇచ్చినా తృప్తి పడగలను' అని వంద సార్లు అనిపించేది. తప్పు లేకుండా అన్నవాళ్ళకి ధ్రువపత్రం. వీరాచారికి ధ్రువపత్రంతో పాటు ఒక ఉద్యోగం వివరం కూడా ఇచ్చింది. పడమటి మడుగులో చేపలు పట్టే పోస్టు.

"అమ్మా, నేను నీళ్ళలో దిగిన పుట్టుక పుట్టలేదు," అన్నాడాయన.

"ముక్కు పొడుగ్గా ఉంది కదా," అంది రామచిలక. "వెళ్ళకపోతే పని నిరాకరించావని రాస్తాను."

వెళ్ళాడు. మడుగు ఎండి నెర్రెలిచ్చి ఉంది. గట్టున పని పోయిన లకుముకిపిట్టలు వరసగా కూర్చుని నేల వంక చూస్తున్నాయి. "లేదన్నా," అని ఆయన అడక్కుండానే వాళ్ళు ముద్ర వేసి ఇచ్చారు. ఒక వారానికి పేలు చూసే బాధ తప్పిందని వీరాచారి సంతోషించాడు.

మూడో వారం చివర గుడ్లు పగిలాయి. మూడు పిల్లలు. నోళ్ళు తప్ప ఇంకేమీ లేనట్టున్నారు. కనకమ్మ చీమలు తెచ్చింది, ఎండిన తునికిపళ్ళు మెత్తగా నమిలి పెట్టింది. అవి వాళ్ళకి ఏ మూలకీ రాలేదు. రోజంతా ఆ నోళ్ళు తెరుచుకునే ఉండేవి. వీరాచారి ఇంటి ముందు కొమ్మ మీద కూర్చుని, ఎదురు చెట్టులో పురుగు కదిలే చప్పుడు వింటూ, ముక్కు చివరి లక్క వంక చూసుకునేవాడు. తండ్రి అన్నవాడికి అంతకంటే నరకం లేదు.

నాలుగో వారం ముళ్ళపంది వచ్చి పెంకులు పరిశీలించాడు.

"వివరణ వచ్చింది," అన్నాడు. "పిల్లలు ముందస్తు అనుమతి లేకుండా మూడు చోట్ల కొట్టారు. కుటుంబం పని చేసినట్టే. వారాలు మళ్ళీ మొదటి నించి లెక్కపెట్టాలి."

వీరాచారి సీలు అక్కడికక్కడే బద్దలు కొట్టేద్దామనుకున్నాడు. కొడితే ఇన్నాళ్ళ పస్తులూ బూడిదలో పోసినట్టే. పరుగున ఆఫీసుకి వెళ్ళి పై వేరు కింద నిలబడి ఏడ్చేశాడు. ఏడుపు ప్రశ్న కాదు కాబట్టి అలుగు గారు ముడుచుకోలేదు.

"ఊరుకో ఆచారీ," అన్నారాయన మెత్తగా. "వచ్చే పున్నమి నాటి పొద్దున శాఖ వార్షికోత్సవం. అధ్యక్షుల వారి చేతుల మీదుగా ఎవరో ఒకరికి దొప్ప ఇప్పించాలి. నీ పేరు రాయిస్తాను. అంతవరకు ఏ గొడవా లేకుండా, ఏ రిమార్కూ పడకుండా చూసుకో. ఒక్క రిమార్కు పడినా నేనేం చేయలేను."

వీరాచారికి ప్రాణం లేచొచ్చింది. పున్నమికి పన్నెండు రోజులుంది. పిల్లలు అన్నాళ్ళు నిలబడతారా అని కనకమ్మ అడిగితే, నిలబడాలి అన్నాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఏడు కుటుంబాల వడ్రంగిపిట్టలూ ముక్కులకి సీళ్ళు వేయించుకుని కూర్చునేసరికి, అడవిలో తొలిచే పురుగులకి అడ్డు లేకుండా పోయింది. పస్తులున్న అడవిలో నిండుగా తిండి ఉన్న చోటు ఒక్కటే. అందరికీ తెలిసిన ఆ చోటు పురుగులకీ తెలిసింది.

పున్నమి రెండు రోజులుందనగా వీరాచారి వారం ముద్రలు ఇవ్వడానికి మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళాడు. వరసలో నిలబడి అలవాటుగా మానుకి చెవి ఆనించాడు. లోపల కరకరమని చప్పుడు. ఒక చోట కాదు, పై నించి కింది దాకా. ఇంకో పక్కకి జరిగి విన్నాడు. అక్కడా అంతే. బెరడు తప్ప ఆ చెట్టులో గట్టి చెక్క అన్నది లేదని ఆయనకి తెలిసిపోయింది.

"బాబూ," అన్నాడు ముళ్ళపందితో. "ఈ చెట్టు..."

"ఏమయింది చెట్టుకి?"

"లోపల..."

"ఆగు," అన్నాడు ముళ్ళపంది ముల్లు మీద చెయ్యి వేసి. "చెట్టు లోపల ఎలా ఉందో చెప్పడం ఎవరి పని?"

"మాదే బాబూ. వడ్రంగిపిట్టలది."

"అయితే ఇప్పుడు నువ్వు ఇవ్వబోయేది వృత్తిపరమైన సలహా. ఇస్తే పని చేసినట్టు. నేను రాసుకోక తప్పదు. బాగా ఆలోచించుకుని చెప్పు. చెట్టుకేమయింది?"

వీరాచారికి తెరుచుకున్న మూడు నోళ్ళు కళ్ళ ముందు మెదిలాయి. "ఏమీ కాలేదు బాబూ," అన్నాడు. "మంచి చెట్టు."

"ఆ మాటా సలహాయే అవుతుంది. దాన్ని నేను వినలేదు, పో."

ఇంటికి వచ్చి కనకమ్మకి చెప్పాడు.

"కూలితే?" అంది ఆవిడ.

"రెండు రోజులు నిలబడితే చాలు. దొప్ప చేతికొస్తుంది."

"కింద అంతమంది ఉంటారు కదయ్యా."

వీరాచారికి సిగ్గేసింది. జన్మలో ఒక్క తొర్ర కూడా వంకరగా కొట్టనివాడు, పుచ్చిన చెట్టుని మంచిదని చెప్పి వచ్చాడు. ఆ సిగ్గుతోనే రెండు రోజులు గడిపాడు.

పున్నమి నాటి పొద్దున మద్దిచెట్టుకి తీగలు కట్టారు. అడవి అంతా వచ్చింది. రావడానికి కారణం ఉపన్యాసం కాదు, దొప్పలో ఏముంటుందో చూడాలని. సోమమ్మ ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూ వచ్చి వేరు పక్కన కూర్చుంది. వీరాచారి దంపతుల్ని ముందు వరసలో నిలబెట్టారు. ముళ్ళపంది దొప్ప పట్టుకుని ఉన్నాడు. అందులో నాలుగు గింజలూ, ఎండు చిక్కుడుకాయ ఒకటీ, మీద ఒక పువ్వూ ఉన్నాయి. వీరాచారి దాని మీంచి చూపు తిప్పలేదు.

అధ్యక్షులు అడవిదున్న గారు లేచారు. ఆయన ప్రతి మాటనీ ఒకసారి నెమరు వేసుకుని గానీ బయటికి వదిలేవారు కాదు.

"సోదరులారా," అన్నారు. నమిలారు. "ఇంత కరువులో కూడా మన ఆసరా నిధిలోంచి..." నమిలారు. "ఒక్క గింజ తరగలేదు. ఇది మన పరిపాలనకి నిదర్శనం."

ముళ్ళపంది దొప్ప ఒళ్ళో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్ళు అతన్ని చూసి కొట్టారు.

"ఈ శాఖ లెక్కల ప్రకారం పని లేనివాళ్ళు పోయినేడు నాలుగొందలు. ఈ ఏడు ఒక్కరు. ఆ ఒక్కరికీ ఇదిగో, ఈ పూట సాయం చేస్తున్నాం. రేపటి నించి..." నమిలారు. "ఎవరూ లేరు."

పెద్దవాళ్ళకి ఉపన్యాసం బాగా సాగినప్పుడు ఒళ్ళు దురద పెడుతుంది కాబోలు. అడవిదున్న గారు నెమ్మదిగా వెనక్కి అడుగేసి, వీపు మద్దిమానుకి ఆనించబోయారు. చెట్టుకి వీపు రాసుకోవడం ఆయనకి చిన్నప్పటి అలవాటు.

వీరాచారి దొప్ప వంక చూశాడు. వేరు పక్కన కూర్చున్న సోమమ్మ వంక చూశాడు.

"అయ్యా, ఆనుకోకండి!" అని అరిచాడు. "చెట్టు పుచ్చింది! లోపల చెక్క లేదు! అందరూ లేవండి, పక్కకి పొండి!"

"ఆచారీ!" అన్నాడు ముళ్ళపంది నిర్ఘాంతపోయి. "ఇది సలహా!" అని దొప్ప కింద పెట్టి, ముల్లు పీకి రాయడం మొదలుపెట్టాడు.

చెట్టు మీద నమ్మకం ఉన్నవాళ్ళకంటే ఆచారి ముక్కు మీద నమ్మకం ఉన్నవాళ్ళే ఎక్కువ. చెట్టు కింద చోటంతా ఒక్క గెంతులో ఖాళీ అయింది. నీటికుక్క సోమమ్మని నోట కరుచుకుని దూకాడు. అధ్యక్షుల వారు మాత్రం పదకొండేళ్ళ పరిపాలనని ఒక పిట్ట మాట మీద అనుమానించదలచుకోలేదు. ఆనుకున్నారు. ఒక్కసారి అటు, ఒక్కసారి ఇటు రాసుకున్నారు.

మద్దిచెట్టు పెద్దగా చప్పుడు కూడా చేయలేదు. మెత్తగా వాలి, కొండవాలు మీద పొడవునా పడి, నడిమికి విచ్చుకుంది. అలుగు గారు ముడుచుకుని వాలు మీద దొర్లుకుంటూ వాగు దాకా పోయారు. అధ్యక్షుల వారికి దెబ్బ తగల్లేదు. భయానికి ఆయన నిలబడిన చోటే పెద్ద పేడ వేశారు. సోమమ్మ కాళ్ళ సీలు అప్పటికే ఊడిపోయి ఉంది, ఆవిడ ఎవరినీ అడక్కుండా ఆ పేడతో ఉండ చుట్టడం మొదలుపెట్టింది.

దుమ్ము అణిగాక వీరాచారి ముళ్ళపంది దగ్గరికి నడిచాడు. ఇంకా ఆశ చావలేదు ఆయనకి.

"బాబూ, నా దొప్ప?"

"చెట్టు కింద పడింది."

"నా దరఖాస్తు?"

ముళ్ళపంది చెక్కపొడిలో కాసేపు వెతికాడు. నిధి ఉన్న చోట పొట్టు కనిపించింది, గింజ కనిపించలేదు. ఆకుల కట్టలు ఉన్న చోట ఈనెలు కనిపించాయి. వాటి మధ్యన వేలెడేసి లావున తెల్లని పురుగులు కదులుతున్నాయి. వందలూ వేలూ ఉన్నాయి.

"తినేశాయి ఆచారీ," అన్నాడు ముళ్ళపంది మొదటిసారి దిగులుగా. "నిధినీ తిన్నాయి, నీ దరఖాస్తునీ తిన్నాయి. ఇప్పుడు నువ్వు మళ్ళీ కొత్తగా..."

ఠక్ అని చప్పుడైంది. వీరాచారి తిరిగి చూస్తే, కనకమ్మ పడిన మాను మీద కూర్చుని ఉంది. లక్క ముక్కలు కింద పడి ఉన్నాయి. ఆవిడ నోట ఒక పురుగు వేలాడుతోంది. అది పట్టుకుని ఇంటి వైపు ఎగిరిపోయింది.

వీరాచారి ఇక ఆలోచించలేదు. తల వెనక్కి తీసి ఒక్క దెబ్బ కొట్టాడు. సీలు పగిలింది. రెండో దెబ్బకి బెరడు లేచింది, మూడో దెబ్బకి పురుగు దొరికింది. ఆ పూట ఆయన ఎన్నిసార్లు ఇంటికి తిరిగాడో ఆయనకే తెలియదు. చివరిసారి వెళ్ళేసరికి మూడు నోళ్ళూ మూసుకుని ఉన్నాయి. భయపడి దగ్గరికి వెళ్ళి చూశాడు. కడుపులు నిండి నిద్రపోతున్నారు. ఆయన తొర్ర గుమ్మంలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ మాను వానలు పడే దాకా అడవిని పోషించింది. ఏడు కుటుంబాల వడ్రంగిపిట్టలూ కొట్టి తీశాయి, ఎలుగుబంట్లు చెక్క చీల్చుకుని తిన్నాయి, గోరింకలు రాలినవి ఏరుకున్నాయి. ఎవరూ ఎవరినీ పేరు అడగలేదు, వృత్తి అడగలేదు. ముళ్ళపంది గుమాస్తా బెరడు కొరుక్కు తిన్నాడు. అలుగు గారు కూడా వాగులోంచి పైకి వచ్చి, ఎవరూ ప్రశ్నలు వేయడం లేదని రూఢి చేసుకుని, నడుము విప్పి చెదలు నాకారు. ముగ్గురు పిల్లలకీ రెక్కలొచ్చాయి.

వానలు పడ్డాక వీరాచారికి ఒక ఆకు వచ్చింది. చెట్టు కూలడం మీద అడవి సభ విచారణ సంఘం వేసిందట. ఆయన కనకమ్మకి చదివి వినిపించాడు.

'మీ ఆసరా దరఖాస్తు తిరస్కరించడమైనది. కారణం: శాఖ వారి మద్దిచెట్టు యందే మీ వృత్తికి సరిపడ పని పుష్కలంగా ఉండగా, సదరు పని కొరకు మీరు ఒక్కసారి కూడా దరఖాస్తు చేసుకొనలేదు. అందువలన మీరు పనిని మనస్ఫూర్తిగా వెతికినట్టు సంఘం భావించుట లేదు. ఆసరా శాఖకు ఇంకా పెద్ద చెట్టు చూడబడుచున్నది. మీ పదో వంతు యథాప్రకారం చెల్లించగలరు.'

"ఏమంటావు?" అన్నాడు వీరాచారి.

"చెల్లించు," అంది కనకమ్మ, పిల్లవాడి నోట పురుగు పెడుతూ. "చెట్టు పెద్దదైతే పురుగూ పెద్దదే పడుతుంది."

ఈ కథ విన్న బుద్ధిమంతులు తెలుసుకోవలసినది ఒక్కటే: సర్కారు సాయం అందరికీ తప్పకుండా అందుతుంది, ఆఫీసు కూలేదాకా ఓపిక పట్టాలి, అంతే.